బాపు గొంతు ముందు, ఫొటో తర్వాత

హన్మకొండ

బిడ్డా,

మీ బాపు, అంటే మీ నాయన, సంవత్సరీకం ఇంక మూడు నెలలే ఉన్నదని, ఆనాడు సాయంత్రం ఆయన పాటలు పెడ్దామని, ఆయన ముచ్చట్లు రాసి పెడ్దామని అనుకుంటున్నవని రాసినవు. మంచిదే. కాని పెద్ద ఫొటో, ఫ్లెక్సీల కాడ మొదలుపెట్టకు. అవి రెండు రోజుల్ల అయ్యే పనులు. గొంతు పని ముందు చూడు, ఉన్నవాటిల చెడిపోయేది అదే.

ఆయన ఫోను పిల్లల చేతికియ్యకు, రీసెట్ కొట్టనియ్యకు. వాట్సాప్ ఖాతా 120 రోజులు ముట్టకపోతే తీసేస్తరు, కాబట్టి అది ఈపాటికి పోయే ఉంటది. అయినా ఆయన పంపిన వాయిస్ ముక్కలు ఫోన్ల ఫైళ్లల్ల ఉంటయి, వెతికి కాపీ తీసుకో. పుట్టినరోజు ఎవలదైనా పొద్దుగాల పాట పాడి పంపుడు ఆయన అలవాటు గదా. చుట్టాలందరికి ఫోన్ చేసి వాళ్ల దగ్గరున్నవి నీకు పంపుమను. ఫోను మార్చినప్పుడు పోగొట్టుకున్నోళ్లు సగం మంది ఉంటరు, అందుకే ఈ వారమే అడుగు.

ఇగ క్యాసెట్లు. ఒక్కొక్కటి వెలుగుల పట్టి చూడు. టేపు చుట్టల అంచు మీద తెల్లగ బూజు కనబడితే అది ప్లేయర్ల పెట్టకు, బూజు ప్లేయర్ల టేపును చదివే హెడ్డుకు అంటి మిగతావాటికి పాకుతది. మంచిగున్నవాటి వీపు మీద రెండు మూలలకు చిన్న ప్లాస్టిక్ పలుకులుంటయి, అవి విరగ్గొట్టు. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కుదామన్నా నొక్కుకపోదు, పాట చెరగదు. ఏండ్ల నుంచి ముట్టని క్యాసెట్టును పెన్సిల్ పెట్టి నాలుగు చుట్లు తిప్పి, తర్వాత ప్లేయర్ల ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు మొత్తం చుట్టాలె. అతుకున్న పొరలు విడుస్తయి. తెగిన టేపుకు సెల్లోటేపు ఎయ్యకు, దాని జిగురు ఎండకాలం కారి పక్క చుట్లకు అంటుతది.

స్పీకర్ ముందర మొబైల్ పెట్టి తీస్తే ఫ్యాను చప్పుడు, ఆటో హారన్ కూడ బాపు పాటల కలుస్తయి. ప్లేయర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు వైరుతోటే ఎక్కించు. ల్యాప్‌టాప్‌కు లైన్ ఇన్ (బయటి చప్పుడు లోపలికి తీసుకునే రంధ్రం) లేకుంటే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చాలు. అడాసిటీ అని రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగ దొరుకుతది, దాంట్ల 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ పెట్టి డబ్ల్యూఏవీగ (కుదించని ఫైలుగ) దాచు. గంటకు 600 ఎంబీ దాటుతది, దాటనియ్యి. వాట్సాప్‌ల పంచుకునేందుకు ఎంపీ3 వేరే తీసుకోవచ్చు. అడాసిటీల చప్పుడు జోరు చూపే మీటరు మైనస్ 6 కాడికి వచ్చి ఆగాలె. ఎర్రగ కొట్టుకుంటే గొంతు పగులుతది, దాన్ని తర్వాత ఎవలూ బాగుచెయ్యలేరు. 60 క్యాసెట్టు వైపుకు 30 నిమిషాలు, 90ది 45. పది క్యాసెట్లంటే తక్కువల తక్కువ పది గంటల పని, రాత్రికొకటి పెట్టుకో.

దీంట్ల ఒక మెలిక ఉన్నది. పాత ప్లేయర్ రబ్బరు బెల్టు సాగితే టేపు నిదానంగ తిరుగుతది, గొంతు బరువైతది. వినేటోళ్లు 'పాపం, అప్పటికే ఆయాసం ఉండె' అనుకుంటరు. ఆయాసం ఆయనది కాదు, బెల్టుది. దీన్ని పట్టేందుకు ఆయన హార్మోనియమే ఉన్నది. బాపు ఒకటి శృతిల పాడేటోడు, అంటే హార్మోనియంల సి మెట్టు. టేపు పెట్టి ఆ మెట్టు నొక్కు. దానికి కలవకుండ పక్కనున్న కింది మెట్టుకు కలిస్తే వేగం నూటికి దాదాపు ఆరు వంతులు తగ్గినట్టు. ముందు బెల్టు మార్పించు. టేపే వేరే ప్లేయర్ల తప్పు వేగంతోటి నింపి ఉంటే అడాసిటీల స్పీడ్ మార్చి శృతికి తేవచ్చు.

హార్మోనియంను షోకేసుల పెట్టద్దు. వారానికొకసారి పది నిమిషాలు ఎవలన్న వాయించాలె. గోడకు, నేలకు తగలకుండ పీట మీద ఉంచు. వానకాలం పెట్టెల సిలికా జెల్ పొట్లాలెయ్యి. తిత్తి నింపి ఏ మెట్టూ నొక్కకుండ చూడు, గాలి వెంటనే దిగిపోతుంటే ఎక్కడనో తోలు చినిగింది. ఒక మెట్టు పలకకపోతే మూత తీసి, ఇత్తడి రీడు నాలుక కింద సన్నని కాగితం ముక్క మెల్లగ జరుపు, దుమ్ము ఊడుతది. గుండుసూదితోటి గీకద్దు. కొసకు గీత పడితే శృతి ఎక్కుతది, మొదట్ల పడితే దిగుతది.

ఇగ నవ్వు ముచ్చట. ఇదే అన్నిటికన్న కష్టం. పాట టేపుల ఉన్నది, నవ్వు మనుషుల దగ్గర ఉన్నది. పెద్దమనుషుల దగ్గరికి పోయినప్పుడు 'బాపు ఎట్లాంటోడు?' అని అడగకు. 'దేవుడసొంటోడు' అంటరు, అక్కడికి ముచ్చట ఒడుస్తది. 'మిమ్ముల ఆఖరిసారి ఎప్పుడు నవ్వించిండు? పక్కన ఎవలున్నరు? ముందు మీరేమన్నరు?' అని అడుగు. ఇద్దర్ని ఒక్కకాడ కూసోపెట్టు, ఒకలు తప్పితే ఇంకొకలు దిద్దుతరు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌ల పెట్టి, మాట్లాడేటాయనకు జానెడు దూరంల ఉంచు. ఫ్యాన్ బంద్ చెయ్యి. మొదట్ల తారీఖు, పేరు నువ్వే చెప్పు. ముప్పావు గంటకు మించి కూసోపెట్టకు.

రాసేటప్పుడు ఆయన మాటను పుస్తకం భాషలకు మార్చకు. తిత్తిల గాలి పోయినప్పుడల్ల 'ముసల్దానికి దమ్మొస్తుంది, జెర ఛాయ్ పొయ్యుండ్రి' అనేటోడు గదా. దాన్ని 'హార్మోనియం గురించి చమత్కరించేవారు' అని రాస్తే ఏం మిగిలింది? మిమిక్రీ నేరెళ్ల వేణుమాధవ్‌ను కన్న ఓరుగల్లు మనది, గొంతు మార్చి నవ్వించేటోళ్లకు ఇక్కడ కొదువ లేదు. బాపు ఎవలెవల గొంతు తీసేటోడో, ఏ మాటతోటి మొదలుపెట్టేటోడో రాసి పెట్టు. బావమర్దుల మోటు సరసాలు కూడ వస్తయి. రికార్డు చేసుకో, బయటికి పెట్టుడు మాత్రం అమ్మను అడిగినంకనే.

పాటల పుస్తకంల ఆయన మార్చి పాడిన మాటలుంటయి. తప్పులని దిద్దకు. ప్రతి పాటకు మొదటి చరణం, శృతి, తాళం, ఎవల దగ్గర నేర్చిండో ఒక్కొక్క లైన్ల ఎక్కించు.

జీవితం గురించి రెండు పేజీలు చాలు. తారీఖులు బడి టీసీ, లగ్గం కార్డు, నౌకరి కాయితాలల్ల చూడు. నోటి లెక్కలు తప్పుతయి. 'ఆ ఏడు మేడారం జాతర' అని ఎవలన్న అంటే, 1996 నుంచి ఇటు జాతరలన్నీ సరి సంవత్సరాలల్లనే వచ్చినయి. గోదావరి పుష్కరాలు 1991, 2003, 2015ల. వీటికి ఆనిచ్చి చూసుకుంటే ఏడాది రెండేండ్ల తేడా బయటపడుతది.

ఆ సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించుండ్రి. రాత్రి పది దాటితే మైకు నడవద్దని రూలే ఉన్నది. గణపతి పాటతోటి మొదలు, మంగళహారతితోటి ఆఖరు, నడుమ పన్నెండు పాటలకు మించద్దు. మాట్లాడేటోళ్లు నలుగురే, ఒక్కొక్కలకు మూడు నిమిషాలు. లీడర్లకు మైకియ్యకు. బాపు టేపు మొదట్లనే పెట్టకు, అది విన్నంక ఎవలకూ గొంతు లేవదు. ఏడెనిమిది పాటలైనంక పెట్టి, దాని వెంటనే అందరు కలిసి పాడే భజన ఎత్తుకోండ్రి.

హార్మోనియం మైకు రీడ్ల వైపు ఉండాలె, తిత్తి కాడ పెడితే గాలి చప్పుడు ఎక్కుతది. ఆడపిల్లలు, చిన్నపిల్లలు పాడేవాటిని ఒకటి శృతిల పట్టుబట్టకు, వాళ్లకు అడుగున గొంతే దొరకదు. నాలుగున్నర, ఐదున్నర పెట్టి చూడు. పాడేటోళ్లకు ముందుగాల ఛాయ్ చాలు, సర్వపిండి పాటలైనంకనే. నూనె తిన్న గొంతు జారుతది.

ముందు ముందు ఏటేటా పెత్తరమాస (మహాలయ అమాస) చాలు. పొద్దున పెద్దలకు బియ్యమిస్తం, అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఆడోళ్లు ఎట్లాగూ పాడుతరు, ఆయన పాట ఒకటి అండ్ల కలుపుమను.

ఆదివారం క్యాసెట్ల డబ్బ తీసుకొని రా, బస్సుల కాళ్లకాడ కాదు, ఒళ్లె పెట్టుకొని. నా ప్లేయర్‌కు కొత్త బెల్టు ఏసి ఉంచిన. హార్మోనియం మాత్రం కదిలించకు, ఒకటి శృతి నా దగ్గర దొరుకుతది.

ఆశీస్సులతోటి,
మీ మామ