ఓడిపోయే టీంకి టికెట్ కొని ఎవరు వెళ్తారు? నేను వెళ్ళాను, రెండు ఊళ్ళలో

మీరు అడిగింది రెండు ముక్కలు. అమెరికాలో ఐస్ హాకీ టీంలు వరసపెట్టి ఓడిపోతున్నా హాలు నిండిపోతుందట, నిజమేనా అన్నది ఒకటి. మన కబడ్డీ టీం తెలుగు టైటాన్స్ ఓడిపోతుంటే వైజాగ్‌లో టికెట్లు ఎలా తెగుతాయి, అలాంటి టీంకి డబ్బులు పెట్టి వెళ్ళడం దండగ కదా అన్నది రెండోది. రెండు చోట్లా సొంత డబ్బులతో టికెట్ కొని, రెండు చోట్లా ఓటమి చూసి ఇంటికొచ్చినవాణ్ణి కాబట్టి నేను చెప్పొచ్చనుకుంటున్నాను.

మొదటిదానికి జవాబు: నిండదు. ఎవరో గెలిచే టీం ఆట టీవీలో చూసి అన్న మాట అది. 2023 ఆగస్టు నుంచి దాదాపు ఏడాది ప్రాజెక్ట్ మీద కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఉన్నాను. అక్కడి టీం పేరు షార్క్స్. నా జాతకం చూడండి, సరిగ్గా నేనున్న సీజన్‌లోనే వాళ్ళు లీగ్ మొత్తంలో ఆఖరున నిలిచారు. 82 మ్యాచ్‌లు ఆడితే 19 గెలిచారు. సీజన్ మొదలయ్యాక మొదటి పదకొండూ ఓడారు. నవంబర్ మొదటి వారంలో గురువారం రాత్రి వాంకూవర్ చేతిలో 10-1, మళ్ళీ శనివారం పిట్స్‌బర్గ్ చేతిలో 10-2, రెండూ సొంత హాల్లోనే. హాకీలో పది గోల్స్ అంటే మన క్రికెట్‌లో యాభైకి ఆలౌట్ లాంటిది అనుకోండి.

నేను వెళ్ళింది ఆ శనివారం మ్యాచ్‌కే. మా ఆఫీసులో ఒకాయనకి రెండు సీజన్ టికెట్లు ఉండేవి, గురువారం తిన్న దెబ్బకి మనసు విరిగి తన సీటు సగం ధరకి ఇస్తానన్నాడు. హాలు లోపల చలి అని ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను వినేవాణ్ణి కాదేమో, అరగంటకల్లా జేబులోంచి మంకీ క్యాప్ తీసి పెట్టుకున్నాను. పక్క సీట్లో ఆయన తల్లి. డెబ్బై దాటి ఉంటాయి. వీపు మీద థోర్న్‌టన్ అని ఒకప్పటి షార్క్స్ ఆటగాడి పేరు రాసి ఉన్న పాత జెర్సీ, ఉతికి ఉతికి అక్షరాలు అంచుల దగ్గర లేచిపోయాయి. కొడుకు రానన్నా ఆవిడ వచ్చేసింది. కూర్చోకముందే ముందు వరసలో ఒకాయన్ని మోకాలి ఆపరేషన్ ఎలా ఉందని అడిగింది, వెనకవాళ్ళ అమ్మాయి కాలేజీ గురించి అడిగింది. ఆరో గోల్ పడేసరికి మా చుట్టుపక్కల ఆట చూసేవాళ్ళు తక్కువ, మోకాలి గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువ. అది స్టేడియంలా లేదు, సాయంత్రం పూట మా ఊళ్ళో అరుగులా ఉంది.

ఇంకో సంగతి. కార్ల్‌సన్ అని, ముందు సీజన్‌లో గోల్స్, గోల్స్‌కి అందించిన పాసులు కలిపి 101 పాయింట్లు చేసి లీగ్‌లో బెస్ట్ డిఫెన్స్ ఆటగాడి ట్రోఫీ గెలిచినవాడు, షార్క్స్ వాడే. ఆ వేసవిలోనే పిట్స్‌బర్గ్‌కి ఇచ్చేశారు. అంటే మనల్ని పది కొట్టిన టీంలో మనవాడే ఉన్నాడన్నమాట. ఆవిడ మాత్రం అతని పేరు వినగానే లేచి చప్పట్లు కొట్టింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, వైజాగ్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

పై వరసల్లో ఖాళీ కుర్చీలు బోలెడు కనిపించాయి. 17 వేలకు పైగా పట్టే హాలు అది. ఉన్నవాళ్ళలో కూడా నా కళ్ళకి చాలామంది పిట్స్‌బర్గ్ జెర్సీల్లోనే కనబడ్డారు. కానీ ఖాళీ కుర్చీల సంగతి వేరు, ఖాళీ హాలు సంగతి వేరు. కింది వరసలు ఉన్నాయి. ఎందుకున్నాయి అని నేను చాలా రోజులు ఆలోచించాను, ఆ ఆఫీసు ఆయన్ని విసిగించాను కూడా.

నాకు అర్థమైంది ఇది. అక్కడ ఆ సీజన్‌లో సొంత ఊళ్ళో 41 మ్యాచ్‌లు. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా వారానికి ఒకటో రెండో. సీజన్ టికెట్ అంటే ఆ 41 రాత్రులూ అదే కుర్చీ మీది, పక్కన అదే మొహాలు. టీం పాడైపోతే మిగిలిన టికెట్ల ధర దానంతట అదే పడిపోతుంది, మ్యాచ్ మొదలయ్యే గంట ముందు ఇంకా పడుతుంది, నాలాంటి తిరునాళ్ళ గిరాకీ అప్పుడు దూరుతుంది. ఇంకొకటి డ్రాఫ్ట్. ఆఖరున నిలిచిన టీంకి, వచ్చే కుర్రాళ్ళలో అందరికన్నా మంచివాణ్ణి ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. లాటరీ తీస్తారు, ఆ ఏడాది షార్క్స్ అవకాశం 25.5 శాతం. వాళ్ళకే తగిలింది, సెలెబ్రీనీ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. కాబట్టి ఫిబ్రవరి తర్వాత మా ఆఫీసులో ఓడితే కూడా ‘మంచిదేలే’ అనేవారు. ఓటమిలో కూడా వచ్చే ఏడాదికి ఏదో ఒకటి దాచిపెట్టే ఏర్పాటు అది. ఇలాంటిది మనకి లేదు.

అన్నట్టు ఆ శనివారం తర్వాత మంగళవారం ఫిలడెల్ఫియా మీద 2-1తో గెలిచారు, పదకొండు ఓటముల తర్వాత మొదటి గెలుపు, అదీ సొంత హాల్లో. నేను వెళ్ళలేదు. ఆవిడ వెళ్ళిందట.

పక్క రాష్ట్రం అరిజోనాది మాత్రం వేరే కథ. కయోటీస్ అని టీం, 1996లో కెనడా నుంచి వచ్చింది, 2009లో దివాలా తీసింది, చివరికి సొంత హాలు కూడా లేక 2022 నుంచి ఒక యూనివర్సిటీ చిన్న హాల్లో, ఐదు వేలు కూడా పట్టని చోట ఆడింది. 2024 ఏప్రిల్‌లో మొత్తం టీంని సాల్ట్ లేక్ సిటీకి తరలించేశారు. ఫీనిక్స్‌లో మా క్లాస్‌మేట్ ఒకడున్నాడు, వాడికి ఆ టోపీ ఇంకా ఉంది.

ఇప్పుడు మన సంగతికి వస్తాను.

ప్రో కబడ్డీ 2014లో మొదలైనప్పుడు టైటాన్స్ సొంతూరు వైజాగే. పోర్ట్ స్టేడియంలో అప్పటి టైటాన్స్ స్టార్ రాహుల్ చౌదరి రైడ్‌కి (కూతకి) వెళ్తుంటే అక్కయ్యపాలెం దాకా అరుపులు వినబడేవని మావాళ్ళు కొంచెం మసాలా కలిపి చెప్తారు. 2018 డిసెంబర్‌లో మళ్ళీ ఇక్కడ మ్యాచ్‌లు పెడితే నాన్నని తీసుకెళ్ళాను. ఆయనది శ్రీకాకుళం వైపు పల్లెటూరు, సంక్రాంతి పందాల్లో మట్టిలో ఆడినవాడు, ఆయనకి అది కబడ్డీ కాదు, చెడుగుడు. లోపలికి వెళ్ళగానే మ్యాట్ చూసి, లైట్లు చూసి, ఆ డీజే మోత విని, ‘ఏట్రా ఇది, ఇందులో కూత ఎలా వినబడతాది?’ అన్నారు. పది నిమిషాల తర్వాత ఆయనే నిలబడి కార్నర్‌లో కాపు కాసే కుర్రాడికి ‘చీలమండ పట్టరా’ అని సలహాలిస్తున్నారు. ఆ సీజన్ కూడా టైటాన్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళలేదు. ఎవరికి పట్టింది? టీం మన ఊళ్ళో ఉంది.

తర్వాత చూడండి. 2019 నుంచి వైజాగ్‌కి ఒక్క మ్యాచ్ లేదు. మధ్యలో కరోనా వచ్చింది, ఒక సీజన్ మొత్తం ప్రేక్షకులు లేకుండా బెంగళూరులోనే ఆడించారు, సరే అది ఎవరి చేతుల్లోనూ లేదు. తర్వాత కూడా టైటాన్స్ ఆడింది హైదరాబాద్‌లో. ఆ రోజుల్లోనే టీం అడుగంటింది: వరసగా మూడు సీజన్లు ఆఖరి స్థానం, 22 మ్యాచ్‌లకి ఒక గెలుపు, 22కి రెండు, మళ్ళీ 22కి రెండు. 66 మ్యాచ్‌ల్లో 5 గెలుపులు. ఆ మూడో దాంట్లో స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్ ఉన్నాడు, 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోసి కొన్నారు, అప్పటికి లీగ్‌లోనే రికార్డు. అయినా రెండే.

అందరూ ఈ లెక్క చూపించి ‘అందుకే వైజాగ్‌లో జనం మర్చిపోయారు’ అంటారు. నేను ఒప్పుకోను. ఓడినందుకు మర్చిపోలేదండి, ఆరున్నరేళ్ళు ఊళ్ళో కనబడనందుకు మర్చిపోయారు. అక్కడ 41 రాత్రులు, ఇక్కడ సున్నా. సున్నా మీద ఎవరు జెర్సీ కొంటారు?

ఊరికి టీం లేకపోతే ఏమవుతుందో క్రికెట్‌లో చూశాం కదా. 2024 మార్చి 31న పీఎం పాలెం స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్, పేరుకి ‘హోమ్ టీం’ ఢిల్లీ. మా తమ్ముడు వీడియో కాల్ చేసి చూపించాడు, గ్రౌండ్ అంతా ఎదురు టీం చెన్నై పసుపు. ధోనీ 16 బంతుల్లో 37 కొట్టాడు, ఢిల్లీ గెలిచింది, జనం మాత్రం ధోనీని చూశామన్న ఆనందంలో బస్సులెక్కారు. అద్దెకి వచ్చిన టీంని ఎవరు సొంతం చేసుకుంటారు చెప్పండి.

సరే, 2025 ఆగస్టు 29. ప్రో కబడ్డీ సీజన్ వైజాగ్‌లోనే మొదలన్నారు. నాన్న, నేను, తమ్ముడు, మేనల్లుడు, నాలుగు టికెట్లు ఆన్‌లైన్‌లో పూర్తి ధరకి కొన్నాను. చవితి వెళ్ళి రెండు రోజులే, దారి పొడవునా మండపాలు, మైకులు. తీరా లోపలికి వెళ్తే మా నాలుగు సీట్లలో ఎవరో కూర్చుని ఉన్నారు. ఫోన్‌లో టికెట్ చూపించాను. వాళ్ళు ఒక ఆఫీసు వాళ్ళు ఉచితంగా పంచిన పాసు చూపించారు, దాని మీద సీటు నంబరే లేదు. అక్కడున్న కుర్రాడు ‘సర్దుకోండి సార్, అందరూ మనవాళ్ళే’ అన్నాడు. డెబ్బై ఏళ్ళ మా నాన్న మెట్టు మీద కర్చీఫ్ పరుచుకుని కూర్చున్నారు. ఒళ్ళు మండింది, ఇప్పటికీ మండుతోంది.

నా దృష్టిలో టికెట్ల అమ్మకాన్ని చంపేది ఇదే, ఓటమి కాదు. స్టేడియం టీవీలో నిండుగా కనబడాలని పాసులు పంచుతారు, ఒకసారి ఊరికే వచ్చినవాడు రెండోసారి ఎందుకు కొంటాడు? కొన్నవాడు మెట్టు మీద కూర్చుంటే వాడు అసలే కొనడు. ధర తగ్గించండి, వందకి ఇవ్వండి, కాలేజీ పిల్లలకి యాభైకి ఇవ్వండి, కానీ ఆ సీటు వాడిదే అవ్వాలి.

ఆట సంగతి. ఎదురు టీం తమిళ్ తలైవాస్, వాళ్ళ వైపు పవన్ సెహ్రావత్! వేలంలో చేతులు మారి, 59.5 లక్షలకి. మన మీదకే రైడ్‌కి వచ్చాడు. నాకు ఠక్కున ఆ శాన్ హోసే ముసలావిడ గుర్తొచ్చింది. మా మేనల్లుడు మాత్రం చప్పట్లు కొట్టే మనిషి కాదు, ‘మావయ్యా, ఇతను మొన్నటిదాకా మనవాడే కదా, ఎందుకెళ్ళాడు?’ అని నిలదీశాడు. వేలం గురించి పదకొండేళ్ళ పిల్లాడికి వివరించడం నావల్ల కాలేదు. 38-35తో ఓడాం, మూడంటే మూడు పాయింట్లు.

టైటాన్స్ ఓడగానే పాసులవాళ్ళు లేచి వెళ్ళిపోయారు. అప్పుడు మా సీట్లు మాకు దక్కాయి. రెండో మ్యాచ్ పుణె, బెంగళూరు మధ్య, అది సమమై టై బ్రేకర్ దాకా వెళ్ళింది. ఆ రోజు అసలైన ఆట అదే, చూసింది మాలాంటి మిగిలినవాళ్ళం. నాన్న ఒక్క రైడ్‌కీ కన్ను తిప్పలేదు.

విచిత్రం ఏమిటంటే ఆ సీజన్‌లో టైటాన్స్ చివరికి బాగా ఆడింది. విజయ్ మాలిక్ కెప్టెన్సీలో ప్లేఆఫ్స్‌కి వెళ్ళి, పుణె చేతిలో ఓడి ఫైనల్ ఒక్క మెట్టు ముందు ఆగింది. ఆ మ్యాచ్‌లు ఢిల్లీలో. మేం ఫోన్‌లో చూశాం, మధ్యలో బఫరింగ్.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి, దండగ కాదు. మళ్ళీ వైజాగ్‌లో పెడితే మీ పిల్లల్ని తీసుకెళ్ళండి, మొదటి రోజు మాత్రం వద్దు, పాసుల గొడవ ఎక్కువ. రెండో వారంలో, మామూలు పని రోజు కొనండి. మూల సీట్లు వద్దు, పొడుగు వైపు మధ్యలో తీసుకుంటే అదనపు పాయింట్ కోసం బోనస్ లైన్ దాటే రైడర్ కాలు కనబడుతుంది. గేట్లు తెరిచే వేళకే వెళ్ళి కూర్చోండి, లేటయితే మాత్రం కర్చీఫ్ తీసుకెళ్ళండి.