పిల్లల మాట వింటే పెద్దవాళ్లకి ఒరిగేదేమిటి?

"పిల్లల దగ్గర ఎంతో నేర్చుకోవచ్చని అందరూ అంటారు, ఏం నేర్చుకున్నారో మాత్రం ఒక్కరూ చెప్పరు" అన్నారు మీరు. న్యాయమైన ఫిర్యాదే. నేను చాలా ఏళ్లు చిన్న తరగతులకు లెక్కలు చెప్పాను, ఇంట్లో పిల్లల్ని పెంచాను, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. పసి మనసు, కల్మషం లేని నవ్వు వగైరాలు పక్కన పెట్టేద్దాం. పిల్లలూ అబద్ధాలాడతారు, మొండికేస్తారు, పక్కవాణ్ని ఏడిపిస్తారు. వాళ్ల మాటలు వింటే నాకు తెలిసొచ్చింది వాళ్ల గొప్పతనం కాదు, మనం అడిగే ప్రశ్నలు ఎలా ఉంటాయన్నది.

43లోంచి 17 తీసేయమంటే ఒక పాప 34 అని వేసింది. తప్పు కొట్టి, అప్పు తెచ్చుకోవడం ఇంకోసారి చెప్పేస్తే ఆ పూటకి పని అయిపోతుంది. "ఎలా చేశావో చెప్పమ్మా" అన్నాను. పదుల దగ్గర 4లోంచి 1 పోతే 3 అంది. ఒకట్ల మీద వేలు పెట్టి కాస్త ఆగింది. "ఇక్కడ 7 పెద్దది కదా టీచర్, అందుకని 7లోంచి 3 తీశా. పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని పోయినేడు చెప్పారుగా!" నిజమే, కింది తరగతిలో అలాగే చెప్తారు, అప్పటికి అది చాలు కూడా. ఆ పిల్ల పాఠం మర్చిపోలేదు, గట్టిగా గుర్తుపెట్టుకుంది. అప్పు తెచ్చుకోవడం పదిసార్లు చెప్పినా తనకి ఎక్కేది కాదు, ఎందుకంటే తన లెక్కలో అప్పు అవసరమే రాలేదు. అసలు విషయం ఆ 34లో కాదు, ఆ "చెప్పారుగా"లో ఉంది. అడక్కపోతే బయటికి వచ్చేది కాదు.

జీన్ పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త కూడా ఇలాంటి చోటే మొదలుపెట్టాడు. 1920 ప్రాంతంలో ప్యారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలకు సంబంధించిన పని అప్పగిస్తే, ఆయన దృష్టి తప్పు జవాబుల మీద పడింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా ఎందుకు తప్పుతున్నారో వాళ్లనే అడుగుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి చాలామందికి తెలిసే ఉంటుంది. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి "రెండూ సమానమేనా?" అని అడుగుతారు. పిల్లలు అవునంటారు. అప్పుడు వాళ్ల కళ్లముందే ఒక వరసని ఎడంగా జరిపి మళ్లీ అదే ప్రశ్న అడుగుతారు. ఐదేళ్ల లోపు పిల్లలు చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువున్నాయంటారు. అటూ ఇటూ జరిపినా సంఖ్య మారదన్న ఊహ వాళ్లకింకా రాలేదని పియాజే తేల్చాడు.

1970ల్లో స్కాట్లాండ్‌లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని చిన్న మార్పుతో చేశారు. బిళ్లల్ని జరిపే పని పెద్దవాళ్లు చేయకుండా, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి ఆట చెడగొట్టినట్టు చేశారు. ఈసారి సరిగ్గా చెప్పిన పిల్లలు బాగా పెరిగారు. దీనికి ఆ పరిశోధకులిచ్చిన వివరణ నాకు నచ్చింది: పెద్దమనిషి ఒకరు కావాలని ఏదో మార్చి, అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగితే, "వీళ్లకి ఇంకేదో జవాబు కావాలి కాబోలు" అనుకుంటారు పిల్లలు. అలా అనుకోవడం కూడా తెలివే కదా.

ఇది ఇంట్లో ఎన్నిసార్లు జరుగుతుందో గమనించండి. "పుస్తకం సంచిలో పెట్టావా?" "పెట్టా." "నిజంగా పెట్టావా?" "...పెట్టా." "సరిగ్గా గుర్తుచేసుకో." "పెట్టలేదేమో." మా వాడి పుస్తకం సంచిలోనే ఉంది! వాడి జ్ఞాపకానికి ఏ లోటూ లేదు, మన గొంతు చూసి మాట మార్చాడు. కోర్టు కేసుల్లో పిల్లల్ని విచారించేవాళ్లకి శిక్షణలో చెప్పేదీ ఇదే: అవునా కాదా అని గుచ్చి గుచ్చి అడగొద్దు, ఏం జరిగిందో మొదట్నించీ చెప్పమని వదిలేయండి.

దీనికి ఇంకో కొస కూడా ఉంది. "పసుపు కంటే ఎరుపు బరువా?" లాంటి అర్థంపర్థం లేని ప్రశ్నలు 1980లో హ్యూస్, గ్రీవ్ అనే పరిశోధకులు ఐదేళ్ల, ఏడేళ్ల పిల్లల్ని అడిగితే, దాదాపు అందరూ జవాబు చెప్పారు. ఇదేం ప్రశ్న అని తిరగబడలేదు. పెద్దవాళ్లు అడిగారంటే అర్థం ఉండే ఉంటుందన్న నమ్మకం వాళ్లది. ఆ నమ్మకాన్ని మనం ఎంత అజాగ్రత్తగా వాడుకుంటామో అని నాకు అప్పుడప్పుడూ భయమేస్తుంది.

ఇక ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం సంగతి. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు తరగతి గదుల్లో గమనించిందేమిటంటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున 1 సెకను మాత్రమే ఆగుతారు. దాన్ని 3 సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడుగవుతాయి, నోరు మెదపనివాళ్లు తగ్గుతారు, ఎదురు ప్రశ్నలు మొదలవుతాయి. 3 సెకన్లు ఏపాటి అనుకుంటాం గానీ, 30 మంది ఎదురుగా నిలబడి ఆగి చూడండి, తెలుస్తుంది.

ఇంట్లో అయితే అసలు ప్రశ్నే లేకపోతే ఇంకా మంచిది. "ఇవాళ స్కూల్లో ఏం జరిగింది?" అంటే "ఏం లేదు" అన్న జవాబు తయారుగా ఉంటుంది. ఒకసారి బట్టలు మడతపెడుతుంటే మా అమ్మాయి పక్కన చేరి, "ఇవాళ బస్సులో నేను చివరి సీటు" అంది. "చివరి సీటా" అని నా పని నేను చేసుకున్నాను. రెండు చొక్కాలు అయ్యాక, రోజూ తన పక్కన కూర్చునే పిల్ల ఇంకొకరి పక్కకి మారిపోయిందన్న సంగతి బయటపడింది. మధ్యలో "ఎందుకు, ఎవరు, టీచర్‌కి చెప్పావా" అని ఉంటే చివరి సీటు దగ్గరే ఆగిపోయేది. ఎదురెదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ మాట్లాడమని చెప్పే సలహాలు పిల్లల విషయంలో నాకంత నమ్మకం లేదు. చేతుల్లో ఏదో పని ఉన్నప్పుడే మాట తేలిగ్గా వస్తుంది.

వినడమంటే చెప్పిందల్లా చేయడమా అని కూడా అడిగారు. కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెప్పేది కూడా, తమకు సంబంధించిన విషయాల్లో పిల్లలు అభిప్రాయం చెప్పుకోవచ్చు, వయసునీ పరిణతినీ బట్టి దానికి విలువివ్వాలి అనే. నిర్ణయం పిల్లలకి వదిలేయమని కాదు. పడుకునే టైము మీద మా వాడు పెద్ద వాదనే వినిపించాడు. పూర్తిగా విన్నాక తేలిందేమిటంటే, వాడి బాధ నిద్ర గురించి కాదు, చదువుతున్న కథ సగంలో ఆపేయాల్సి వస్తోందని. టైము మార్చలేదు. చదవడం మాత్రం అరగంట ముందే మొదలుపెట్టిస్తున్నాం. దానికి ఒప్పుకున్నాడు. సెలవు రోజుల సంగతి ఇంకా చర్చల్లోనే ఉంది.