మందుల కౌంటర్: శనివారం గోలి

ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయండీ, అన్నీ ఇక్కడ పట్టవు. మొదటి ఉత్తరం చదివాక మాత్రం మనసు అక్కడే ఆగిపోయింది, దానికే ఎక్కువ చోటిచ్చా. మిగతావాళ్లకి కాస్త పొట్టిగా చెప్తా, ఏమనుకోకండి.

ప్రశ్న: సార్, మా అత్తమ్మకు 58 ఏండ్లు. చేతివేళ్లు వాచి, పొద్దున లేస్తే పిడికిలి బిగించుడు రాకపోతుండె. హైదరాబాద్ల కీళ్ల డాక్టర్‌కు చూపిస్తే రుమటాయిడ్ అన్నరు, మెథోట్రెక్సేట్ 15 ఎంజీ గోలి వారానికి ఒకటి అని రాసిండ్రు. మా ఊర్ల మెడికల్ షాపుల కొంటే ఆయన కవర్ మీద రోజు పొద్దున ఒకటి అని రాసిచ్చిండు, మేం అట్లనే ఏసినం. తొమ్మిది దినాలకు నోరంత పుండ్లు, పెరుగన్నం గూడ మింగలేకపోయింది. వేడి చేసిందనుకొని సబ్జా నీళ్లు, మజ్జిగ పోసినం. తర్వాత జరం, కాళ్ల మీద ఎర్రమచ్చలు. దవాఖానల పది దినాలుంది. ఇప్పుడు మంచిగనే ఉంది గానీ కీళ్లనొప్పులు మళ్ల షురువైనయ్. డాక్టర్ మళ్ల అదే గోలి అంటున్నడు. అంత విషం మళ్ల ఎట్ల ఏస్తం సార్?
(ఒక కోడలు, మిర్యాలగూడ)

జవాబు: అమ్మా, మీ అత్తమ్మ గారు ఇంటికి తిరిగొచ్చారు, ముందు అది గొప్ప. తొమ్మిది రోజులు రోజూ 15 ఎంజీ పడితే అందరూ అలా తిరిగి రారు, ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు, జరిగింది ఎంత పెద్దదో మీ ఇంట్లో అందరికీ తెలియాలని చెప్తున్నా.

విషం అన్నారు కదా, సగం నిజమే. ఈ మందు ఒంట్లో ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ పనిని అడ్డుకుంటుంది. త్వరత్వరగా పుట్టి చచ్చే కణాలన్నిటికీ ఫోలిక్ కావాలి, అంటే నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముకల్లో రక్తం తయారయ్యే మూలుగ. అందుకే ఎక్కువైతే ముందు నోరు పూస్తుంది, తర్వాత తెల్లకణాలు పడిపోయి జ్వరం, ప్లేట్‌లెట్లు పడిపోయి మచ్చలు, మీరు రాసిన వరస అచ్చం అదే. మింగిన మందులో చాలావరకు మూత్రంలో పోతుంది గానీ కణాల లోపలికి దూరింది మాత్రం రోజుల తరబడి అక్కడే కూర్చుంటుంది. వారానికొకటి వేస్తే మిగతా ఆరు రోజుల్లో మంచి కణాలు తేరుకుంటాయి, రోజూ వేస్తే వాటికి ఊపిరి తీసుకునే టైమే ఉండదు. క్యాన్సర్ వార్డుల్లో ఇదే మందుని దీనికి పదుల రెట్లు ఒక్కసారే ఎక్కిస్తారు, కాకపోతే ఆ వెంటనే గంటలు లెక్కపెట్టుకుని ఫోలిక్‌కి దగ్గర చుట్టమైన ఫోలినిక్ యాసిడ్ విరుగుడుగా ఇస్తారు, అందుకని ఎక్కువ డోసు ఒకసారి తట్టుకున్న ఒళ్లు చిన్న డోసు రోజూ పడితే తట్టుకోలేదు, వినడానికి వింతగా ఉంటుంది గానీ అంతే.

ఇక ఆ కవర్ మీద రాత ఎలా పడిందో నాకు కళ్లకు కడుతోంది, పాతికేళ్లు కౌంటర్ వెనకాల నిలబడ్డవాణ్ని కదా. సాయంత్రం ఏడింటికి షాపు ముందు పదిమంది, ఒకళ్లు చిల్లర అంటారు, ఒకళ్లు ఫోన్‌లో చీటీ ఫోటో చూపిస్తారు, చేతిలో పెన్ను ఉంటుంది, చెయ్యి దానంతటదే 1-0-0, అంటే రోజూ పొద్దున ఒకటి, అని రాసేస్తుంది. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, అన్నీ రోజూ వేసేవే కదా, వారానికొకసారి వేసే మందు వందలో ఒకటి కూడా రాదు. నా దగ్గరా ఒకసారి ఇలాగే అయ్యేది. నెలకి నాలుగు మాత్రలు చాలే పెద్దాయన పది మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లి పదకొండో రోజున ఖాళీ స్ట్రిప్ పట్టుకుని ఇంకోటి ఇమ్మన్నాడు, అదృష్టం కొద్దీ అనుమానమొచ్చి అడిగితే, ఎనిమిది మాత్రలు మనవడు ఆడుకుంటూ కింద పడేశాడట! ఆ రోజు నా గుండె కొట్టుకున్న చప్పుడు నాకే వినపడింది. అప్పట్నుంచి ఆ స్ట్రిప్ చేతికొస్తే పెన్ను పక్కన పెట్టి ముందు నోటితో చెప్పేవాణ్ని.

ఇంకో తిరకాసు మన భాషలోనే ఉంది. వారం అంటే ఏడు రోజులూ వారమే, శనివారమూ వారమే. "వారానికి ఒకటి" అని డాక్టర్ అంటే, పెద్దవాళ్ల చెవికి "వారం రోజులు, రోజుకొకటి" అని వినపడటం నేను ఎన్నిసార్లు చూశానో. అందుకని వారం అనే మాటే వాడొద్దు, రోజు పేరు పెట్టండి. మీ అత్తమ్మ గారు శనివారం ఒక్కపొద్దు ఉంటారా? అయితే అది శనివారం గోలి, సాయంత్రం పలారం తిన్నాక వేసుకోవచ్చు, పరగడుపున వేసుకోవాలని రూలేమీ లేదు. దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రకి డాక్టర్ చెప్పిన వేరే రోజు ఇంకో పేరు. రెండూ చిన్నగా పసుపు రంగులో ఉండే బ్రాండ్లు ఉన్నాయి, ఒకే డబ్బాలో పెట్టకండి. యూరప్‌లో కూడా ఇదే గొడవతో జనం చనిపోతుంటే అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2019లో కొత్త జాగ్రత్తలు పెట్టింది, ప్యాకెట్ మీద వారానికొకసారే అన్న హెచ్చరిక కనపడాలి, మాత్రలు సీసాల్లో కాకుండా స్ట్రిప్పుల్లో రావాలి అని. అంటే ఇది మీ ఊరి షాపాయన ఒక్కడి తప్పుగా చూస్తే సరిపోదు. అలాగని ఆయన్ని వదిలేయమనట్లేదు, వెళ్లి ఆ కవర్ చూపించండి, చూపిస్తేనే ఇంకొకరికి రాయడు.

మళ్లీ వేయాలా వద్దా అనేది కీళ్ల డాక్టరే తేల్చాలి, అదీ రక్తకణాలు, లివరు, క్రియాటినిన్ పరీక్షలు చూశాకే, కిడ్నీ నెమ్మదిస్తే వారానికొకటి కూడా ఎక్కువవుతుంది. కానీ మందు మీద కోపం వద్దు, సరిగ్గా వేస్తే వంకర్లు పోయే వేళ్లని ఆపే మందుల్లో ముందు రాసేది ఇదే. ఒక శనివారం మర్చిపోతే రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే వచ్చే శనివారమే, రెండు కలిపి మాత్రం ఎప్పుడూ వద్దు. మూత్రంలో మంట అని ఎవరైనా సల్ఫా మాత్ర, అదే కోట్రైమాక్సజోల్ ఇస్తే తీసుకోకండి, ఈ రెండూ కలిస్తే మళ్లీ అదే దవాఖాన. నోట్లో పుండు కనపడితే సబ్జాలు కాదు, గోలి ఆపి ఆ రోజే డాక్టర్‌కి ఫోన్.

ఒక మాట ఆగలేక చెప్తున్నా. ఈ మందు వెనకాల ఉన్నది మనవాడే, భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్న స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో పోయాడు, ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని 1940ల్లో అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన టీమే తయారుచేసింది, దాన్ని అడ్డుకునే ఎమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబ్‌లోంచే వచ్చాయి. 1947లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకి ఎమినాప్టెరిన్ ఇస్తే కొన్నాళ్లైనా జబ్బు వెనక్కి తగ్గింది, అంతకుముందు అలా జరగలేదు. మీ అత్తమ్మ గారి రెండు గోలీలూ, ఆ మందూ దానికి తోడుగా వేసే ఫోలిక్ యాసిడూ, ఒకే ల్యాబ్‌లో పుట్టాయన్నమాట.

ప్రశ్న: మా బాబుకి ఏడాదిన్నర. జలుబు, దగ్గు, రాత్రిళ్లు నిద్ర లేదు. పాత సిరప్ సగం సీసా ఉంది, పెద్దాడికి రాసింది. పోయిన ఏడాది దగ్గుమందు తాగి పిల్లలు పోయారని విన్నాక చెయ్యి రావట్లేదు. మా అత్తగారేమో మీరంతా ఆ మందులు తాగే పెరిగారు కదా అంటున్నారు.
(తెనాలి నుంచి ఒక తల్లి)

జవాబు: చెయ్యి రాకపోవడమే మంచిదైంది తల్లీ. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్‌వాడాలో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు, కిడ్నీలు ఆగిపోయి. ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 48 శాతం పైన తేలింది, ఉండొచ్చని వదిలేసే హద్దు 0.1 శాతం. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి ద్రవం వాడతారు, ఫార్మా గ్రేడ్ కొనాల్సింది పోయి కంపెనీ చవకగా ఫ్యాక్టరీల సరుకు కొని, టెస్ట్ కూడా చేయకుండా పోసేస్తే ఈ విషం లోపలికొస్తుంది. తియ్యగా ఉంటుంది, పిల్లాడు ఇష్టంగా తాగేస్తాడు, అదే దారుణం. ఇదేమీ కొత్త సంగతి కాదు, 1937లో అమెరికాలో ఇదే గ్లైకాల్‌లో కలిపిన సల్ఫా మందు తాగి వంద మందికి పైగా పోయారు, దాంతో మరుసటి ఏడాది అక్కడ మందుల చట్టమే మారింది. 2022లో గాంబియాలో పిల్లలు పోయినప్పుడు దొరికిన సిరప్పులు మన దేశంలో తయారైనవి. దాదాపు తొంభై ఏళ్ల కింద తెలిసిన విషం ఇంకా సీసాలోకి వస్తోందంటే నాకైతే ఒళ్లు మండుతుంది.

సరే మీ బాబు సంగతి. కల్తీ లేని మంచి సిరప్ అయినా ఈ వయసుకి వద్దు, రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు జలుబు మందులు ఇవ్వొద్దని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది, ఐదేళ్లలోపు కూడా మామూలుగా వద్దనే అంది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందు నాలుగేళ్లలోపు వాడొద్దని 2023 డిసెంబర్‌లోనే ఆర్డరు ఉంది, మీ పెద్దాడి సీసా వెనక్కి తిప్పి చూడండి, చాలావాటిలో అవే ఉంటాయి. ముక్కులో సెలైన్ చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు, ఏడాది దాటింది కాబట్టి పడుకోబోయే ముందు చిన్న చెంచాడు తేనె, ఏడాది లోపు పిల్లలకైతే తేనె కూడా వద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, డైపరు ఆరేడు గంటలు పొడిగానే ఉన్నా పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. అత్తగారితో వాదన పెట్టుకోకండి, సగం సీసాని మాత్రం ఇంట్లోంచి తీసేయండి.

ప్రశ్న: థైరాయిడ్ మాత్ర పదేళ్లుగా వాడుతున్నా. ఈ మధ్య జనఔషధిలో చవకని అక్కడ కొంటే, మా కాలనీలో అందరూ పవర్ తక్కువ ఉంటుందంటున్నారు. నిజంగానే రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ పెరిగింది కూడా, అంటే మందు చాలట్లేదనేగా.
(రిటైర్డ్ టీచర్, విజయనగరం)

జవాబు: మేష్టారూ, పేరు లేని (జెనరిక్) మందులో పవర్ తక్కువ అనే రూలేమీ లేదు, అదే మందు, ఫార్మకోపియా అనే మందుల ప్రమాణాల పుస్తకంలో రాసిన కొలతలు బ్రాండుకీ దీనికీ ఒకటే. అయితే మీ మాత్రలో ఉండే థైరాక్సిన్ మైక్రోగ్రాముల్లో పనిచేసే మందు, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినా కాస్త తేడా రావచ్చు, కాబట్టి ఏదో ఒకదాని మీద నిలబడి ఆరు నుంచి ఎనిమిది వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోండి, నెలకో కంపెనీ మార్చకండి. ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. మాత్ర వేసుకుని ఎన్ని నిమిషాలకి కాఫీ తాగుతున్నారు? అరగంట, కుదిరితే గంట ఆగాలి. రిటైరయ్యాక మోకాళ్లకని క్యాల్షియం మొదలుపెట్టారా? దానికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వంద మాత్రల సీసా స్టవ్ పక్క అలమరలో పెట్టినా వేడికి మందు పాడవుతుంది.

ప్రశ్న: నా హైటు 5 అడుగుల 4 అంగుళాలు, వెయిటు 68. డాలస్‌లో ఉండే మా బావ వెయిట్ తగ్గే ఇంజెక్షన్ వాడి 14 కిలోలు తగ్గారు, సంక్రాంతికి వస్తూ మిగిలిన పెన్ తెస్తానన్నారు. సూది మారిస్తే చాలు కదా?
(ఐటీ ఉద్యోగి, కూకట్‌పల్లి)

జవాబు: చాలదు. సూది మార్చినా ఆ పెన్ లోపలికి ఆయన రక్తం చుక్క వెనక్కి వెళ్లి ఉండొచ్చు, బావ ఎంత ప్రేమగా ఇచ్చినా పెన్ పంచుకునే వస్తువు కాదు. పైగా మీ లెక్క కడితే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతన్న లెక్క, 26 కూడా లేదు, ఆ ఇంజెక్షన్ సెమాగ్లూటైడే అనుకుంటా, దాన్ని బరువు కోసం రాసేది 30 దాటినవాళ్లకి, లేదా 27 దాటి షుగరో బీపీయో ఉన్నవాళ్లకి. ఇదీ వారానికొకసారి వేసేదే చూడండి, 0.25 ఎంజీతో మొదలుపెట్టి నాలుగు వారాలకి ఒక మెట్టు ఎక్కిస్తారు, మీ బావ పై మెట్టు మీదున్న పెన్‌తో మీరు మొదలుపెడితే వాంతులతో పండగంతా బాత్రూంలోనే. పాంక్రియాస్ వాపు, పిత్తాశయంలో రాళ్లు కూడా చూస్తున్నారు, ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉండుంటే అసలు ముట్టుకోకూడదు. ఆపేస్తే తగ్గిన బరువులో చాలాభాగం తిరిగొస్తుంది. నిజంగా అవసరమైనవాళ్లు కూడా పెన్ను అమెరికా నుంచి మోయించుకోనక్కర్లేదు, మన దేశంలో దాని పేటెంటు 2026 మార్చితో తీరింది. మీకు కావాల్సింది ఇంజెక్షన్ కాదు గానీ ఆఫీసు క్యాంటీన్ సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ప్రశ్న: నాలుగు మాత్రలు అడిగితే స్ట్రిప్ కత్తిరించి ఇస్తారు, డేటు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఎక్స్‌పైరీ ఎలా తెలుస్తుంది?
(కర్నూలు)

జవాబు: కత్తిరించకముందే ఫోన్‌లో స్ట్రిప్ వెనక వైపు ఫోటో తీసుకోండి, బ్యాచ్ నంబరు కూడా పడేలా. మందు వికటిస్తే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, అది కేంద్రం నడిపే టోల్‌ఫ్రీ లైను, డాక్టర్లే కాదు ఎవరైనా చేయొచ్చు, అక్కడ అడిగే వివరాల్లో బ్యాచ్ నంబరు ఒకటి. డేటు లేని వైపు నుంచి కత్తిరించమంటే అలాగే కత్తిరిస్తాం కూడా, మేం అంత చెడ్డవాళ్లం కాదు, అడిగేవాళ్లే తక్కువ.