ఏసీ గాలి తగ్గిందని రాసే ముందు

తమ్ముడూ,

స్ప్లిట్ ఏసీలో గాలి తగ్గితే ఏం చూడాలో రాసి పంపావు కదా, మొత్తం చదివాను. వాక్యం నీకు బాగా వస్తోంది. కానీ మే నెల రాత్రి విజయవాడలో, ఏసీ నుంచి గాలి రాక పిల్లలు నిద్రపోక, ఫోన్‌లో నీ వ్యాసం తెరిచినవాళ్లకి మొదటి మూడు పేరాల్లో చేయడానికి ఒక్క పనీ దొరకదు. 1902లో విల్లిస్ క్యారియర్ ఏం కనిపెట్టాడన్నది ఆ సమయంలో వాళ్లకెందుకు? తీసెయ్.

గాలి తక్కువ రావడం, వచ్చిన గాలి చల్లగా లేకపోవడం వేరువేరు సమస్యలు. నువ్వు రెండూ కలిపేశావు. గాలి జోరుగా వస్తూ చల్లగా లేకపోతే అవుట్‌డోర్ యూనిట్ దుమ్ము పట్టడమో, కంప్రెసరో, గ్యాసో కారణం కావచ్చు. గాలే తగ్గితే ముందు ఇండోర్ యూనిట్ చూడాలి. పాఠకుడు ఏసీ ముందు చెయ్యి పెట్టి తనది ఏ సమస్యో తేల్చుకునేలా మొదటి పేరా ఉండాలి.

ఆ తర్వాత రిమోట్. పొరపాటున డ్రై మోడ్‌లో పడితే చాలా ఏసీల్లో ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతుంది, స్పీడ్ పెంచినా పెరగదు. స్లీప్ మోడ్ కూడా అంతే. దీనికి రెండు వాక్యాలు చాలు, నువ్వు ఒక పేజీ రాశావు. ఫిల్టర్ పరీక్షనేమో చివర్లో దాచావు! స్విచ్ ఆపి, ముందు ప్యానెల్ ఎత్తి ఫిల్టర్ జాలీ బయటికి తీసి, అది లేకుండానే ఒక్క ఐదు నిమిషాలు నడిపి చూడమను. గాలి మళ్లీ వచ్చిందా, తప్పు ఫిల్టర్‌ది. కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టుకుంటే అయిపోయింది, ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.

జాలీ తీసినా గాలి రాకపోతే చెవికి పని చెప్పమను. మోటార్ శబ్దం ఎప్పట్లాగే ఉండి గాలి మాత్రం తగ్గితే బ్లోయర్‌కి, అంటే లోపల తిరుగుతూ గాలిని బయటికి తోసే డ్రమ్ముకి, మురికి పట్టి ఉండొచ్చు. ఆ పొడుగాటి డ్రమ్ముకి సన్నటి వంపు రెక్కలుంటాయి, ఆ వంపుల్లో దుమ్ము పేరుకుంటే అది అదే వేగంతో తిరుగుతున్నా గాలిని పట్టి తోయలేదు. వంటింటి పొగ తగిలే గదిలో జిడ్డు కూడా తోడవుతుంది. స్విచ్ ఆపేసి గాలి వచ్చే సందులోంచి టార్చ్ వేస్తే అది కంటికే కనిపిస్తుంది. శబ్దమే మందగించి, మూలుగుతూ తిరిగితే కెపాసిటర్ (మోటార్ తిరగడానికి సాయపడే చిన్న విద్యుత్ భాగం) గానీ మోటార్ గానీ పాడై ఉండొచ్చు. నువ్వు అందరినీ కెపాసిటర్ మార్చుకోమన్నావు, చాలా ఇన్వర్టర్ ఏసీల ఇండోర్ ఫ్యాన్‌కి బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటార్ ఉంటుంది, దానికి ఆ కెపాసిటరే ఉండదు. పైగా కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్‌లో ఛార్జ్ నిలిచి ఉంటుంది, షాక్ కొడుతుంది. ఆ పని మెకానిక్‌కి వదలమని స్పష్టంగా రాయి.

మంచు సంగతి మాత్రం విడమరిచి రాయాలి, జనం డబ్బు ఎక్కువగా పోగొట్టుకునేది ఇక్కడే. ఏసీ వేసిన కాసేపు గాలి బాగా వచ్చి, గంటా రెండు గంటలకి తగ్గిపోతే ఇండోర్ యూనిట్‌లో గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టకి, అంటే కాయిల్‌కి, మంచు కట్టిందేమో చూడాలి. ఫిల్టర్ మూసుకుపోయి గాలి తగ్గినా కాయిల్ సున్నా డిగ్రీల కిందికి పోతుంది, గ్యాస్ లీకైనా పోతుంది, గాల్లోని తేమ దానిమీద గడ్డకట్టి కాయిల్ రేకుల సందులు మూసేస్తుంది. కత్తితోనో స్క్రూడ్రైవర్‌తోనో గీకొద్దని చెప్పు, కాయిల్ చిల్లు పడితే ఉన్న గ్యాస్ కూడా పోతుంది. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో వదిలేస్తే కరిగిపోతుంది. ఫిల్టర్, బ్లోయర్ శుభ్రం చేయించాక కూడా మళ్లీ మంచు కడితే అప్పుడు గ్యాస్‌ని అనుమానించాలి. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరిగేదే, తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. లీక్ ఎక్కడో చూపించకుండా గ్యాస్ నింపుతానంటే ఒప్పుకోవద్దని రాయి, ఈ మాట రాయడానికి మొహమాటపడకు.

సర్వీస్ రేట్ల పట్టిక తీసెయ్, ఊరికో రేటు ఉంటుంది. తిరగరాసే ముందు ఒక రోజు మీ ఊరి మెకానిక్ వెంట వెళ్లి, బ్లోయర్ కడిగేటప్పుడు పక్కన నిలబడి చూడు, ఆయన ఏ పని ముందు చేస్తాడో, ఏ పని తర్వాత చేస్తాడో రాసుకో. మార్చి మొదటి వారంలోపు పంపు, ఎండలు ముదరకముందే జనానికి చేరాలి.

మీ అన్నయ్య