‘దసరాకు ముందు’ అంటే ఏ దసరా?

ప్రశ్న: తాగుడు మాన్పించే చికిత్స అయ్యాక మా తమ్ముణ్ని హైదరాబాద్ శివార్లలో ఒక హాఫ్‌వే హోమ్‌లో (చికిత్స అయ్యాక ఇంటికి వెళ్లేముందు కొన్నాళ్లు ఉంచే చోటు) చేర్చాం. ఆరు నెలలకు 90 వేలు ముందే కట్టాను, 60 వేలు ఫోన్‌పేలో, మిగతాది నగదు. దసరాకు ముందు, మూడు వారాలు కూడా కాకుండానే, మూత్ర పరీక్షలో తాగినట్టు తేలిందని రాత్రికి రాత్రి బయటికి పంపేశారు. వాడు తాగలేదని ఒట్టేస్తున్నాడు. డబ్బు అడిగితే ‘నాన్ రిఫండబుల్’ అంటున్నారు. అదే తేదీతో వేరే ల్యాబ్ రిపోర్టు తెప్పిస్తానని మా మరిది అంటున్నాడు. తెప్పించమంటారా?
– ఒక అక్క, గుంటూరు

జవాబు: అమ్మా, రెండు పేజీల ఉత్తరంలో తమ్ముడి ఉద్యోగం పోవడం, అమ్మగారి బీపీ, చుట్టాల మాటలు అన్నీ రాశారు, కేసును తేల్చే ముక్క ఒక్కటే రాయలేదు. ఏ దసరా? నిరుటిదా, ముందటేడుదా? 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు రెండేళ్లలోపు వేయాలి, ఆ లెక్క అతణ్ని బయటికి పంపిన రోజు నుంచే అనుకోండి. ‘వచ్చే నెల చూద్దాం’ అని ఆ హోమ్ మేనేజరు ఫోన్లో అంటూ వచ్చిన మాటలకు గడువు ఒక్క రోజు కూడా పెరగదు, లీగల్ నోటీసు పంపినా పెరగదు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని అడగవచ్చు గానీ ‘ఇస్తారులే అనుకున్నాం’ అంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోవడం కష్టం.

మీ మరిది సలహా మాత్రం వద్దే వద్దు. ల్యాబ్‌లో బిల్లు నంబరు, రిజిస్టరు ఉంటాయి, ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. కేసులో వాడటానికి దొంగ సాక్ష్యం సృష్టిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. 30 వేలు నగదుగా ఇచ్చి రశీదు అడగకపోవడం కూడా మీ అజాగ్రత్తే, ఆ రోజు ఏటీఎంలో తీసిన డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుందేమో చూడండి.

‘మీ వాణ్ని తీసుకెళ్లండి’ అని వాట్సాప్ మెసేజ్ వచ్చి ఉంటే మీకు బంగారం లాంటి సాక్ష్యం అదే. ఆ ఫోన్ రీసెట్ చేయొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు, స్క్రీన్‌షాట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియమం (2023 నాటి కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఆ మెసేజ్ ఏ ఫోన్ నుంచి ఎలా తీశారో ధ్రువీకరించే కాగితం, పెట్టాలి. ఆ రాత్రి అతను గుంటూరు వచ్చిన బస్సు టికెట్ ఉన్నా దాచండి.

ఇక మూత్ర పరీక్ష నిజంగా చేశారా? మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి, సెక్షన్ 25 ప్రకారం తన వైద్య రికార్డులు అడిగే హక్కు మీ తమ్ముడిది. అతని సంతకంతో రిజిస్టర్డ్ పోస్టులో అడగండి, వాళ్లు ఇవ్వకపోతే అదీ మీకు కలిసొస్తుంది. ఇలాంటి చోట్లకు రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఉందో లేదో తెలంగాణ అథారిటీకి రాసి కనుక్కోండి, లేకపోతే మొదటిసారికే 5 వేల నుంచి 50 వేల దాకా జరిమానా.

ఫిర్యాదు కోసం హైదరాబాద్ తిరగక్కర్లేదు, మీరుండే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే మీరూ తమ్ముడూ కలిసి వేయొచ్చు, 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ‘నాన్ రిఫండబుల్’ అని అచ్చువేసినంత మాత్రాన మిగిలిన ఐదు నెలల పైచిలుకు డబ్బు వాళ్లది అయిపోదు, ఆ మొత్తం వడ్డీతో అడగండి. నోటీసు ఈ వారమే పంపండి, గడువు దగ్గరపడి ఉంటే నోటీసు కోసం ఆగకుండా ఫిర్యాదే వేసేయండి.

తమ్ముడికి మళ్లీ ఒక చోటు వెతకాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. ఈసారి చేర్చే ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూసి, ఏ కారణంతో పంపేస్తారో, పంపితే ఎంత తిరిగిస్తారో రాయించుకోండి.