ఎలక్ట్రిక్ సర్కస్ మీద రాసే ముందు

చిరంజీవి కిరణ్‌కు, ఆశీస్సులు.

అమెరికన్ ర్యాపర్ కామన్ ఆల్బమ్ 'ఎలక్ట్రిక్ సర్కస్' మీద రివ్యూ రాయబోతున్నావని తెలిసి చాలా సంతోషించాను. పాత రివ్యూలు చదివి తలనొప్పి తెచ్చుకున్నానని రాశావు. తెచ్చుకోవా మరి! 2002 డిసెంబర్‌లో అది వచ్చినప్పుడు కొందరు విమర్శకులకు సాహసంగా కనిపించింది, కొందరికి గందరగోళంగా అనిపించింది. ఆ రివ్యూలు ఇప్పుడు పక్కన పెట్టు. నీ రివ్యూ పూర్తయ్యాక మళ్లీ చదువుకోవచ్చు.

ముందు 2000లో వచ్చిన అతని ఆల్బమ్ 'లైక్ వాటర్ ఫర్ చాక్లెట్' మొత్తం విను. జనం దాన్ని బాగా ఇష్టపడి, తర్వాతదీ అలాగే ఉంటుందనుకున్నారు. కామన్ మాత్రం న్యూయార్క్‌లో రాక్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ కట్టించుకున్న ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో క్వెస్ట్‌లవ్, జేమ్స్ పోయ్జర్, జె డిల్లా లాంటి సంగీతకారులతో కలిసి గిటార్లూ సింథసైజర్లూ నిండిన వేరే లోకంలోకి వెళ్లిపోయాడు. మన కామన్ మారిపోయాడన్న బాధ అభిమానులకు ఉండటం సహజమే. కానీ ఆ బాధ పాట ఎలా ఉందో చెప్పదు. నువ్వు రాసిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇది నేను విన్నదా, విందామని ఆశపడినదా అని అడుగు. రెండోదైతే కొట్టెయ్.

ర్యాప్‌కి రాక్ ఎందుకు అని మాత్రం రాయకు. రన్-డిఎంసి అనే ర్యాప్ బృందం 'రాక్ బాక్స్' పాటలో గిటార్ మోగించింది 1984లోనే. అసలు రాక్‌ని పెంచింది నల్లజాతి సంగీతకారులే. 'జిమీ వాజ్ ఎ రాక్ స్టార్'లో కామన్ గుర్తు చేసేది ఆ వారసత్వాన్నే. గాయని ఎరికా బడుతో కలిసి పాడిన ఆ పాట ఎనిమిది నిమిషాలు దాటుతుంది. నీ అసలు పని అక్కడే. వాయిద్యాలు ఉధృతంగా పెరుగుతుంటాయి, మాటలు మాత్రం అక్కడే తిరుగుతుంటాయి. కామన్ బలం పద్యంలా సాగే ర్యాప్. దాన్ని వదిలి గొంతు మీద ఆధారపడ్డాక ఆ పాట పలచబడిందని నా అభిప్రాయం. అదే 'న్యూ వేవ్' పాటలో గాయని లెటీషియా సాడియే గొంతు వచ్చేసరికి నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అక్కడ ప్రయోగం కుదిరింది. మేరీ జె. బ్లైజ్ పాడిన 'కమ్ క్లోజ్' హాయిగా ఉంటుంది, కానీ వినడానికి సులువని దానికి ఎక్కువ మార్కులు వెయ్యకు.

ప్రయోగం చేశాడని కూడా ఊరికే మార్కులు వెయ్యకూడదు సుమా. 2010లో ర్యాపర్ లిల్ వేన్ రాక్ ఆల్బమ్ 'రీబర్త్' తెచ్చినప్పుడు విమర్శకులు చాలావరకు తిరస్కరించారు. అంతకు ముందు ర్యాప్ ఆల్బమ్ 'థా కార్టర్ III'లో అంత చురుగ్గా ఆడిన మాటలు గిటార్ల కింద మొద్దుబారిపోయాయి. నచ్చలేదని ఒక్క ముక్కలో తేల్చకుండా ఇలా కారణం చూపించు.

2005లో కాన్యే వెస్ట్ ఎక్కువ భాగం ప్రొడ్యూస్ చేసిన కామన్ తర్వాతి ఆల్బమ్ 'బీ' వచ్చి మెప్పు పొందాక, 'ఎలక్ట్రిక్ సర్కస్' దారి తప్పిన అడుగు అనడం తేలికైపోయింది. తర్వాత జరిగినదాన్ని బట్టి ముందుదానికి తీర్పు ఇవ్వకు.

ఫోన్ స్పీకర్‌లో వినకు, డ్రమ్స్ కింద నడిచే బేస్ సగం పోతుంది. జిమీ పాట విషయంలో నా మాట నీకు తప్పనిపిస్తే ధైర్యంగా అలాగే రాయి. ఏ నిమిషం దగ్గర ఏం విన్నావో మాత్రం తప్పకుండా చెప్పు. డ్రాఫ్ట్ పంపించు, చదువుతాను.

ఇట్లు,
మీ బాబాయి