అప్పగించిన పని తిరిగొస్తుంటే

ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం పదోన్నతి వచ్చి ఏడుగురు సభ్యుల బృందానికి టీమ్ లీడ్ నయ్యాను. అంతకుముందు నా పని సాయంత్రానికల్లా ముగించుకునేదాన్ని. ఇప్పుడు పగలంతా ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరికి వచ్చి "మేడమ్, ఇది ఒక్కసారి చూస్తారా?" అంటారు, సరే, చూస్తాను అంటాను. నా సొంత పని రాత్రి తొమ్మిది దాటాక గానీ మొదలవదు. పనులు పంచడం లేదా అంటే పంచుతూనే ఉన్నాను, అవన్నీ తిరిగి నా దగ్గరికే వస్తున్నాయి. లోపం నాలో ఉందా, వాళ్లలో ఉందా?

జవాబు: లోపం ఎవరిదో తేల్చే ముందు, మీరు యథాలాపంగా రాసిన ఒక మాట దగ్గర కాసేపు ఆగుదాం. "సరే, చూస్తాను" అన్న క్షణంలోనే పని చేతులు మారింది. వచ్చినవారు భారం దిగిపోయి తమ కుర్చీకి వెళ్లిపోయారు. ఆ పనిలో తర్వాతి అడుగు ఇక మీది. రెండు రోజులు పోయాక వారే వచ్చి "అది చూశారా మేడమ్?" అని వాకబు చేస్తారు చూడండి, అప్పుడు ఎవరు ఎవరికి పని అప్పగించినట్టు? విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ అనే ఇద్దరు 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో రాసిన వ్యాసంలో ఇలా చేతులు మారే పనిని కోతితో పోల్చారు. కింది ఉద్యోగి భుజం మీద కూర్చున్న కోతి, మేనేజరు "ఆలోచించి చెబుతాను" అనగానే ఒక్క గెంతులో ఆయన భుజం మీదికి చేరుతుంది. మీ భుజాల మీద ప్రస్తుతం ఏడుగురి కోతులున్నాయి.

కాబట్టి మార్చవలసింది ముందుగా మీ జవాబును. ఎవరైనా సమస్యతో వచ్చినప్పుడు "మీరేం చేద్దామనుకుంటున్నారు?" అని అడగండి. తెలియదంటే, రెండు మార్గాలు ఆలోచించుకుని, వాటిలో తమకు నచ్చినదేదో కారణంతో సహా చెప్పడానికి మధ్యాహ్నం రమ్మనండి. మొదట్లో కాస్త ముఖం చిన్నబుచ్చుకుంటారు. రెండు మూడు వారాలు గడిచేసరికి, సగం సమస్యలు మీ టేబుల్ దాకా రాకుండానే తేలిపోవడం మీరే గమనిస్తారు.

రెండోది, పని అప్పగించే తీరు. "ఈ నివేదిక మీరు చూసుకోండి" అన్నది అప్పగింత కాదు, ఎందుకంటే అందులో ఎంతవరకు తాను నిర్ణయించవచ్చో, ఎక్కడ మిమ్మల్ని అడగాలో ఎదుటివారికి తెలియదు. తెలియనివారు భయపడి ప్రతిదీ అడుగుతారు. దానికి బదులు ఇలా చెప్పి చూడండి: "ఈ నివేదిక గురువారం మధ్యాహ్నానికి సిద్ధం కావాలి. పట్టికల వరుస, భాష, అమరిక పూర్తిగా మీ ఇష్టం, నాకు చూపించనక్కర్లేదు. పోయిన నెల అంకెలకూ ఈ నెల అంకెలకూ పెద్ద తేడా కనిపిస్తే మాత్రం పంపే ముందు నాతో మాట్లాడండి." చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు, కానీ పనితో పాటు అధికారం కూడా వారి చేతికి వెళ్లింది. ఆ తర్వాత అమరిక మీకు నచ్చకపోయినా వేలు పెట్టకండి. ఒక్కసారి వేలు పెట్టారా, ఇచ్చిన అధికారం ఉత్తదేనని బృందం మొత్తానికి అర్థమైపోతుంది.

అసలు చిక్కు మరొకటి ఉందని నా అనుమానం. బాగా పనిచేసినందుకే మీకు పదోన్నతి వచ్చింది, అందుకే "ఇది నేను చేస్తే పది నిమిషాల్లో అయిపోతుంది" అనిపిస్తుంది. అది నిజం కూడా. ఆ పది నిమిషాలు రోజుకు పన్నెండు సార్లు వస్తే రెండు గంటలు, మీరు రాత్రి తొమ్మిది తర్వాత వెతుక్కుంటున్నది ఆ రెండు గంటలనే. అలాగని తలుపు మూసుకోమనడం లేదు. ఉదయం ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట ఎవరైనా రావచ్చునని ప్రకటించండి. కొత్తగా చేరినవారికీ, నిజంగా కొంప మునిగే సందర్భాలకూ ఈ నియమం వర్తించదు. కొత్తవారి పక్కన కూర్చుని నేర్పడం మీ ఉద్యోగంలో భాగమే.

ప్రశ్న: రోజూ ఉదయం పదిహేను పనులతో చాంతాడంత జాబితా రాసుకుంటాను. సాయంత్రానికి నాలుగు కూడా పూర్తి కావు. నాకు క్రమశిక్షణ లేదా?

జవాబు: క్రమశిక్షణ లేనివారు రోజూ జాబితా రాయరు. మీ ఇబ్బంది అంచనాలో ఉంది. ఇలాంటి పని క్రితంసారి ఎంత ఆలస్యమైందో తెలిసి కూడా, ఈసారి అన్నీ సవ్యంగా సాగుతాయనే లెక్కతోనే మనిషి గడువు వేసుకుంటాడని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో గుర్తించి, దానికి ప్లానింగ్ ఫాలసీ, అంటే ప్రణాళిక వేసుకోవడంలో జరిగే పొరపాటు, అని పేరు పెట్టారు. విరుగుడు మన దగ్గరే ఉంది: ఈ పనికి ఎంత పడుతుందని ఊహించడం మాని, ఇలాంటి గత మూడు పనులకు నిజంగా ఎంత పట్టిందో చూసి ఆ సమయాన్నే వేసుకోండి. ఆ లెక్కతో పనులను క్యాలెండరులో గంటల పక్కన పెడితే, పదిహేనులో పది ఈ రోజుకు పట్టవని ఉదయమే తెలిసిపోతుంది. వాటిని అప్పుడే వేరే రోజుకు మార్చడం మేలు. రోజులో మూడోవంతు ఖాళీగా వదలండి, అనుకోని పనులు ఎలాగూ దాన్ని నింపుతాయి. మరొక చిన్న విషయం, జాబితాలో "బడ్జెట్" అని ఒక్క పదం రాసుకుంటే చెయ్యి అటు పోదు. "పోయిన ఏడాది బడ్జెట్ ఫైలు తెరిచి ఖర్చుల పద్దులు కాపీ చేయాలి" అని రాసుకుంటే పోతుంది.

ప్రశ్న: మా మేనేజరు గారికి ప్రతిదీ అర్జెంటే. కాదంటే పని తప్పించుకుంటున్నాననుకుంటారు. ఏం చేయాలి?

జవాబు: కాదనకండి. చేతిలో ఉన్న పనులన్నీ ఒక్కోదానికి పట్టే గంటలతో సహా కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టి, "సార్, ఇది ఇవాళే చేస్తాను, వీటిలో ఏది రేపటికి ఆపమంటారు?" అని అడగండి. వరుస నిర్ణయించవలసింది ఆయనే. ఆయన చెప్పిన క్రమాన్ని అదే రోజు రెండు వాక్యాల మెయిల్‌లో పంపి ఉంచుకోండి.